ఎంత, ఎన్ని, ఎన్నో: లాటిన్ లెక్కల మాటలు

“పి.వి. నరసింహారావు భారతదేశానికి ఎన్నో ప్రధాని?” తెలుగులో ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ తడుముకోరు. జవాబూ అంతే సులువు: తొమ్మిదో ప్రధాని. అదే ప్రశ్నను ఇంగ్లీషులో అడగమంటే డిగ్రీలు చదివినవాళ్లు కూడా నీళ్లు నములుతారు. ఎక్కడెక్కడో తిప్పి అడగాల్సిందే తప్ప, ‘ఎన్నో’ అనే ఒక్క మాటకు సరిపోయేది ఇంగ్లీషులో లేదు.

లాటిన్‌లో ఉంది. ‘క్వోతుస్’. రోమన్లు టైమ్ అడగడానికి కూడా ఇదే మాట వాడేవారు. కవి హోరేస్ తన వ్యంగ్య కవితల్లో ఒకచోట ఉబుసుపోక కబుర్లకు నమూనాగా “హోరా క్వోతా ఎస్త్?” అనే ప్రశ్నను చూపిస్తాడు. “ఎన్నో గంట?” అని. ఈ క్వోతా మధ్యయుగాల లాటిన్‌లో ‘క్వోతా పార్స్’, అంటే మొత్తంలో ఎన్నో వంతు అనే అర్థంలో స్థిరపడి, అక్కడినుంచి యూరప్ భాషల్లోకి, చివరికి మన రేషన్ షాపులోకి వచ్చింది. “ఈ నెల కోటా బియ్యం వచ్చాయా?” అన్నప్పుడు వినబడే కోటా అదే.

లాటిన్ పరిమాణ పదాలను ఇంగ్లీషు దారిన నేర్చుకోబోతే చిక్కు ఎక్కువ, తెలుగు దారిన వెళ్తే చాలావరకు తేలిక. కారణం సాదా. రెండు భాషల్లోనూ ప్రశ్నకు ఒక అక్షరం, జవాబుకు ఇంకో అక్షరం పెట్టుకుని జతలు కట్టారు. తెలుగులో ఎ, అ. లాటిన్‌లో క్వ, త. క్వాంతుస్–తాంతుస్ అంటే ఎంత–అంత. క్వోత్–తోత్ అంటే ఎన్ని–అన్ని. క్వాలిస్–తాలిస్ అంటే ఎలాంటి–అలాంటి. క్వోతియెన్స్–తోతియెన్స్ అంటే ఎన్నిసార్లు–అన్నిసార్లు. భాగహారంలో భాగఫలాన్ని ఇంగ్లీషులో క్వోషియెంట్ అనడం ఈ చివరి జత నుంచే. ఆరు ముప్ఫైలో ఎన్నిసార్లు పోతుంది అన్నదే కదా అక్కడి లెక్క. ఐక్యూలో ఉన్న క్యూ కూడా అదే. ఫిజిక్స్‌లో హడలెత్తించే క్వాంటమ్ అన్న మాటకు మూలార్థం ‘ఎంత’, అంతకు మించి ఏమీ లేదు.

పోలిక నూటికి నూరుపాళ్లు కుదరదు. మనుషులను లెక్కపెట్టేటప్పుడు తెలుగు ఎందరు, అందరు అంటూ వేరే మాటలు తీస్తుంది. లాటిన్‌కు ఆ పట్టింపు లేదు, మనుషులకైనా మేకలకైనా క్వోత్ ఒక్కటే. ఇంకో వింత ఏమిటంటే, ప్రతి విశేషణానికీ లింగం, వచనం, విభక్తి అంటూ తోకలు మార్చే లాటిన్, ఈ క్వోత్, తోత్‌ల దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేసింది. ఇవి ఎక్కడా మారవు. క్వాంతుస్ మాత్రం మామూలుగానే మారుతుంది.

ఈ జతల వల్ల సామెతలు పొట్టిగా, గట్టిగా వస్తాయి. నాటకకర్త టెరెన్స్ క్రీ.పూ. 161లో ప్రదర్శించిన నాటకంలో ఒక పాత్ర “క్వోత్ హోమినేస్, తోత్ సెంతెంతియై” అంటుంది. ఎందరు మనుషులో అన్ని అభిప్రాయాలు. క్రియాపదం కూడా లేదు, నాలుగే మాటలు. మనం పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటాం. అక్కడా క్రియ లేదు.

‘సార్లు’ చెప్పే మాటలు తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ తిరుగుతున్నాయి, ఎవరూ గమనించరు గానీ. సెమెల్, బిస్, తెర్, క్వాతెర్: ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, నాలుగుసార్లు. డాక్టరు మందుల చీటీ మీద మాత్ర పేరు పక్కన బీడీ అని గిలికితే అది ‘బిస్ దియే’, రోజుకు రెండుసార్లు. టీడీఎస్ అంటే ‘తెర్ దియే సూమెందుమ్’, రోజుకు మూడుసార్లు వేసుకోవలసింది (జీతంలో కోసే టీడీఎస్‌కూ దీనికీ చుట్టరికం లేదు). నొప్పి మాత్ర ఎదురుగా ఎస్ఓఎస్ అని ఉంటే కంగారు పడనక్కర్లేదు. అది ‘సీ ఓపుస్ సిత్’, అవసరమైతేనే వేసుకోమని.

ఈ వరసలోనే పైకి వెళ్తే ‘దెకియేస్’ వస్తుంది, పదిసార్లు అని. డబ్బు సంగతి మాట్లాడేటప్పుడు దానికి ఇంకో అర్థం ఉంది: పది లక్షలు. పాత రోజుల్లో లక్షకు పైన సంఖ్య లేదని, అందుకే ఇప్పటికీ “పదిసార్లు లక్ష” అన్నట్టు గుణించి చెబుతున్నారని క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన పెద్ద ప్లినీ తన ప్రకృతి విజ్ఞాన గ్రంథంలో రాశాడు. లక్ష అనడానికి వాళ్ల మాట ‘కెంతేనా మీలియా’, వందేసి వేలు. రోజూ వాడే మాట కాబట్టి ఆ తోక తెగిపోయి, ‘సార్లు’ ఒక్కటే మిగిలింది. మిలియన్ అన్న మాట రోమన్లకు తెలియదు. వేయికి పెద్దరికం కట్టి ‘పెద్ద వేయి’ అన్నట్టుగా ఇటలీలో మధ్యయుగాల్లో పుట్టించిన మాట అది. కాబట్టి రోమన్ల సొమ్ము లెక్కలను మిలియన్లలోకి తిప్పడం కంటే లక్షలు, కోట్లలో చదువుకోవడమే వాళ్ల పద్ధతికి దగ్గర. క్రీ.పూ. 70లో రోమన్ వకీలు, వక్త సిసెరో, సిసిలీ గవర్నరుగా పనిచేసిన వెర్రెస్ మీద కేసు నడిపినప్పుడు, అతను చట్టవిరుద్ధంగా నొక్కేసిన సొమ్మును ‘క్వద్రింగెంతియేస్’ అన్నాడు. నాలుగు వందల సార్లు అని మాట. నాలుగు వందల లక్షల సెస్తెర్తియుస్‌లు (రోమన్ నాణేలు), అంటే నాలుగు కోట్లు.

ఇలా తోక తెగిన మాటలతో కోట్ల వ్యవహారం నడిపితే గొడవ రాక మానుతుందా? వచ్చింది, సాక్షాత్తు చక్రవర్తి ఇంట్లోనే. అగస్టస్ భార్య లివియా క్రీ.శ. 29లో చనిపోయింది. తనకు ఇష్టుడైన గాల్బాకు ఆమె వీలునామాలో ‘క్వింగెంతియేస్’ రాసింది, అంటే ఐదు వందల లక్షలు, ఐదు కోట్లు. వారసుడిగా పంపకం చేయాల్సింది కొడుకు టైబీరియస్. అంకెలో వేశారే గానీ అక్షరాల్లో రాయలేదన్న సాకు పెట్టి, అతను అది ‘క్వింగెంతా’ అని తేల్చాడు. అంటే ఐదు వందల వేలు, ఐదు లక్షలు. చరిత్రకారుడు సుయెటోనియస్ ఈ సంగతి చెప్పి, గాల్బాకు ఆ ఐదు లక్షలు కూడా ముట్టలేదని ముగిస్తాడు.

ఆ సాకు ఎలా చెల్లిందో రోమన్ అంకెల రాత చూస్తే తెలుస్తుంది. ఐదు వందలకు గుర్తు డి. దాని నెత్తిన ఒక అడ్డగీత పెడితే ఐదు వందల వేలు. ఆ గీతకు రెండు పక్కలా నిలువు గీతలు కూడా గీసి, మూడు వైపులా పెట్టెలా కడితే ఐదు వందల లక్షలు. ఐదు కోట్లకూ ఐదు లక్షలకూ మధ్య తేడా రెండు చిన్న గీతలు. మన ఊళ్లలో ప్రామిసరీ నోటు రాసేటప్పుడు అంకె వేసి ఊరుకోకుండా ‘అక్షరాలా ఐదు లక్షల రూపాయలు’ అని ఎందుకు రాయించుకుంటారో గాల్బాను అడిగితే చెప్పేవాడు. ఆ గాల్బాయే క్రీ.శ. 68లో చక్రవర్తి అయ్యాడు.

వందేసి అన్న మాట పైన వచ్చింది. తెలుగులో ఒక్కొక్క, రెండేసి, మూడేసి, ఐదేసి అనే వరస ఎంత మామూలో లాటిన్‌లో సింగులీ, బీనీ, తెర్నీ, క్వీనీ అనే వరస అంత మామూలు. ఇంగ్లీషు చదివి లాటిన్‌కు వచ్చినవాళ్లు ఈ వరసను బట్టీ పట్టాలి. తెలుగువాళ్లు గుర్తుపడితే చాలు. గాల్ యుద్ధాల గురించి రాస్తూ సీజర్, దాదాపు పదిహేను రోజులు శత్రువు వెనక నడిచామని, తమ ముందు వరుసకూ వాళ్ల వెనక వరుసకూ మధ్య ఐదేసి, ఆరేసి మైళ్ల కంటే ఎక్కువ ఎడం లేదని చెబుతాడు. అక్కడ సీజర్ వాడింది మామూలు ఐదు, ఆరు కాదు, క్వీనీ, సేనీ. ప్రతి రోజూ అంతే దూరం అన్న సంగతి ఆ ‘ఏసి’లోనే ఉంది, విడిగా చెప్పనక్కర్లేదు.

ఈ ఏసి మాటలకు లాటిన్ ఇంకో పని కూడా పెట్టింది. ఉత్తరాన్ని ‘లిత్తెరై’ అంటారు, అక్షరాలు అన్న బహువచనమే ఉత్తరం. మరి రెండు ఉత్తరాలు వచ్చాయని చెప్పాలంటే? దువై లిత్తెరై అంటే రెండు అక్షరాలైపోతుంది. అందుకని బీనై లిత్తెరై అనాలి. ఈ బీనీ కుటుంబం నుంచే కంప్యూటర్ల బైనరీ వచ్చింది. సున్నా, ఒకటితో నడిచే అంకగణితాన్ని లైబ్నిట్జ్ 1703లో ఫ్రెంచిలో ప్రచురించినప్పుడు పెట్టుకున్న పేరు అదే.

ఏసి వరస అసలు సత్తా వడ్డీ లెక్కల్లో చూడాలి. రోమన్లు వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పేవారు. నెలకు నూటికి ఒకటి అయితే కెంతేసిమై. తెలుగు పల్లెల్లో రూపాయి వడ్డీ అంటారే, అచ్చం అది, ఏడాదికి 12 శాతం. క్రీ.పూ. 51లో కిలికియా రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లిన సిసెరో, ఎవరికైనా రూపాయి వడ్డీ దాటి వసూలు చేయనివ్వనని ప్రకటించాడు. సైప్రస్ ఆయన పరిధిలోనే ఉండేది. ఆ దీవిలోని సలామిస్ పట్టణం అప్పు తీసుకుంది. అప్పు ఇచ్చిన స్కాప్తియుస్ అనేవాడు పత్రం తీసి చూపిస్తే అందులో ‘క్వతెర్నీస్’ అని ఉంది, నాలుగేసి. నాలుగు రూపాయల వడ్డీ, ఏడాదికి 48 శాతం. అంతకుముందే స్కాప్తియుస్ గుర్రపు దళంతో సలామిస్ సభను చుట్టుముట్టి, లోపల ఐదుగురు సభ్యులు ఆకలితో చచ్చిపోయేదాకా కదలనివ్వలేదు. తీరా ఆరా తీస్తే ఆ సొమ్ము స్కాప్తియుస్‌ది కాదు, రోములో నీతిమంతుడిగా పేరుపడ్డ బ్రూటస్‌ది. ఏడేళ్లకు సీజర్‌ను పొడిచిన బ్రూటస్సే. తన మిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాల్లో సిసెరో ఈ వ్యవహారం మీద తెగ మథనపడతాడు. పన్నెండు శాతం దగ్గర పట్టుబట్టాడే గానీ కేసును గట్టిగా తేల్చకుండా వదిలేశాడు. మొహమాటం.

ఎక్కువ, తక్కువ చెప్పే పద్ధతి వేరే దారిలో నడుస్తుంది. పరుమ్, సతిస్, నిమిస్ అని మూడు మెట్లు ఉన్నాయి. పరుమ్‌ను నిఘంటువుల్లో ‘కొంచెం’ అని చూసి మోసపోతారు. కొంచెం కాదు, చాలదు అని. సతిస్ అంటే చాలు. నిమిస్ అంటే మరీ ఎక్కువ. వీటి పక్కన వచ్చే నామవాచకం షష్ఠిలో ఉంటుంది, ‘దాంట్లో ఇంత’ అన్నట్టు. రోమ్ మీద కుట్ర పన్నిన కాటిలీన్‌ను చరిత్రకారుడు సల్లుస్ట్ ఇలా కొలిచాడు: “సతిస్ ఎలోక్వెంతియై, సపియెంతియై పరుమ్”. మాటకారితనం కావలసినంత, వివేకం చాలినంత లేదు. కొలత మాట ఒకటి ముందు పెట్టి, రెండోది చివరికి నెట్టడంలో ఉంది దెబ్బ. ఇంకా పైమెట్టుకు టెరెన్స్ మాట ఉంది, “నే క్విద్ నిమిస్”, ఏదీ అతి కాకూడదు. అతి సర్వత్ర వర్జయేత్ అని మనవాళ్లు అన్నదానికి ఇది తమ్ముడు.

ఇక పోలిక. తెలుగులో విశేషణం మారదు. పెద్ద పెద్దగానే ఉంటుంది, పక్కన ‘కంటే’ చేరుతుంది. లాటిన్‌లో విశేషణమే మారుతుంది: లోంగుస్ పొడవైనది, లోంగియోర్ ఇంకా పొడవైనది, లోంగిస్సిముస్ అన్నిటికంటే పొడవైనది. ‘ర్’తో ముగిసే విశేషణాలకు, ఫకిలిస్ లాంటి ఒక ఆరు విశేషణాలకు చివర కొద్దిగా మారుతుంది గానీ అవి పట్టిక చూసి నేర్చుకునే సంగతులు. సంస్కృతం వాసన తెలిసినవాళ్లకు ఈ ‘ఇయోర్’ కొత్త కాదు, మహీయస్‌లో ఉన్న ‘ఈయస్’కు అది స్వయానా బంధువు. కనిష్ఠ, గరిష్ఠ అంటూ క.సా.గు., గ.సా.భా. లెక్కలు చేసిన పిల్లలందరూ అదే కుటుంబంలోని అతిశయ రూపాలను, అంటే ‘అన్నిటికంటే’ అని చెప్పే రూపాలను, తెలియకుండానే వాడారు.

ఎవరికంటే అన్నది చెప్పడానికి లాటిన్‌లో రెండు దారులు. ఒకటి, పోల్చే మాటను అబ్లేటివ్ విభక్తిలో పెట్టడం. “ఐరె పెరెన్నియుస్” అన్నాడు హోరేస్ తన కవిత్వం గురించి. కంచుకంటే చిరకాలం నిలిచేదని. సంస్కృతంలోనూ ఇక్కడ పంచమే వస్తుంది. తెలుగు వ్యాకరణంలో పంచమీ ప్రత్యయాలు వలన, కంటె, పట్టి అని చదువుకున్నదీ ఇదే. ముగ్గురూ ఒకే గడప దగ్గర కలిశారు. ఎంత తేడా అన్నది కూడా అబ్లేటివ్‌లోనే చెబుతారు: ముల్తో అంటే చాలా, పౌలో అంటే కాస్త.

రెండో దారి ‘క్వమ్’. దీని వెనక వచ్చే మాట, పోల్చిన మాట ఏ విభక్తిలో ఉంటే అదే విభక్తిలో ఉండాలి. వట్టి నియమంలా కనబడుతుంది గానీ ఇది తెలుగు చేయలేని ఒక పని చేస్తుంది. “అమ్మకు నాన్నకంటే చెల్లి అంటే ఎక్కువ ఇష్టం” అన్న వాక్యం తీసుకుంటే, అమ్మకు నాన్న మీద ఉన్న ఇష్టం కంటే చెల్లి మీద ఎక్కువా, లేక చెల్లి మీద నాన్నకు ఉన్న ఇష్టం కంటే అమ్మకు ఎక్కువా? వాక్యం చెప్పదు, ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. లాటిన్‌లో ‘క్వమ్ పతెర్’ అంటే నాన్న ఇష్టపడేదాని కంటే. ‘క్వమ్ పత్రెమ్’ అంటే నాన్నను ఇష్టపడేదాని కంటే. ఒక్క తోకతో తగవు తీరిపోతుంది.

దేనికంటే అన్నది అసలు చెప్పకుండా వదిలేస్తే ఇయోర్ అర్థం జారుతుంది. “సెనెక్తూస్ ఎస్త్ నాతూరా లోక్వాకియోర్” అని వృద్ధాప్యం మీద రాసిన పుస్తకంలో సిసెరో ముసలి కేటో చేత అనిపిస్తాడు. ముసలితనానికి సహజంగానే కాస్త వాగుడెక్కువ. ఎవరికంటే అని అడగకూడదు. ‘ఉండాల్సిన దానికంటే’ అన్నది మాటలోనే ఉంది. సీనియర్, జూనియర్ కూడా ఇలా తెగి బతుకుతున్న రూపాలే, రెండూ లాటిన్‌లో ఇయోర్ మాటలు: మరింత వయసు మళ్లినవాడు, మరింత పడుచువాడు. సీనియర్‌లోని ‘సెన్’, మన సనాతనంలోని ‘సన’ ఒకే వేరు. జూనియర్, యువ కూడా అంతే. “ఆయన నాకంటే రెండేళ్లు సీనియర్” అన్నప్పుడు తెలుగువాళ్లు దానికి మళ్లీ ‘కంటే’ చేర్చి, ఇంగ్లీషు వ్యాకరణం తప్పించినదాన్ని లాటిన్ పద్ధతికే తెచ్చారు.

అతిశయ రూపాలకు ఇంకో గతి పట్టింది, అరుగుదల. రోమన్ సమాధుల మీద ప్రతి భార్యా కారిస్సిమా, దుల్కిస్సిమా. అత్యంత ప్రియమైనది, అత్యంత మధురమైనది. అందరూ ‘అత్యంత’ అయ్యాక ఆ మాటకు బరువు ఎక్కడుంటుంది? ప్రభుత్వ హోదాల్లో ఇది ఇంకా విడ్డూరంగా నడిచింది. క్లారిస్సిముస్, మహా ప్రసిద్ధుడు, అన్నది మొదట సెనేటర్లకు గర్వకారణం. సామ్రాజ్యం చివరి శతాబ్దాలకు వచ్చేసరికి సెనేటర్లలో అది కింది మెట్టు. దానిమీద స్పెక్తాబిలిస్, ఆపైన ఇల్లూస్త్రిస్. పై రెండూ మామూలు విశేషణాలు, కింద ఉన్నదే అతిశయం. ఈ అరుగుదల రోజువారీ మాటల్లోనూ సాగి, లాటిన్ విడిపోయి కొత్త భాషలయ్యేసరికి ఇయోర్ తోక దాదాపు రాలిపోయింది. దాని బదులు ‘ఎక్కువ’ అన్న మాటను ముందు పెట్టుకున్నారు. స్పెయిన్, పోర్చుగల్, రొమేనియా అంచుల్లో మగిస్‌ను పట్టుకుని మాస్, మైష్, మై అన్నారు. మధ్యలో ఉన్న ఫ్రెంచి, ఇటాలియన్ ప్లూస్‌ను పట్టుకుని ప్లు, ప్యూ అన్నాయి. అచ్చంగా తెలుగులో ‘ఇంకా’ పెట్టినట్టు.

ఈ సామగ్రి మొత్తం ఒకేచోట పనిచేయడం చూడాలంటే కటుల్లుస్ రాసిన ఏడు పాదాల చిన్న కవిత ఒకటి చాలు. సిసెరోకు కృతజ్ఞతలు చెప్పే కవిత అది. మొదటి మాటే అతిశయ రూపం: రోములుస్ వంశంలో, అంటే రోమన్లలో, మహా వాక్చతురుడా. తర్వాత మూడు క్వోత్‌లు: ఎందరు ఉన్నారో, ఎందరు ఉండేవారో, మున్ముందు ఎందరు పుడతారో అందరిలోనూ. నీకు కటుల్లుస్ మాక్సిమాస్, అతి గొప్ప కృతజ్ఞతలు చెబుతున్నాడు. చెప్పేవాడెవడు? పెస్సిముస్, కవులందరిలో అధముడు. చివరి రెండు పాదాలు అచ్చంగా తక్కెడ:

తాంతో పెస్సిముస్ ఒమ్నియుమ్ పోయేతా,
క్వాంతో తూ ఒప్తిముస్ ఒమ్నియుమ్ పత్రోనుస్.

నువ్వు అందరిలో ఎంత గొప్ప వకీలువో నేను అందరిలో అంత చెత్త కవిని. పైకి పొగడ్త. కానీ కటుల్లుస్ చెత్త కవి కాదు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఎంత–అంత అని కొలత కట్టాక ఒక పళ్లెంలో ఉన్నది అబద్ధమైతే రెండో పళ్లెం సంగతేమిటి? పైగా చివరి పాదంలోని ఒమ్నియుమ్‌ను రెండు వైపులకూ అతికించవచ్చు. ఒప్తిముస్‌కు అతికిస్తే ‘అందరిలో ఉత్తముడైన వకీలు’. పత్రోనుస్‌కు అతికిస్తే ‘అందరికీ వకీలు’, ఎవడు పడితే వాడి తరఫున వాదించేవాడు. వెర్రెస్ లాంటివాళ్లను వెంటాడిన సిసెరో, తాను ఒకప్పుడు తిట్టిపోసిన వాటినియుస్‌ను క్రీ.పూ. 54లో కోర్టులో వెనకేసుకొచ్చాడు కూడా. కవిత ఆ కేసుకు ముందు రాసిందా తర్వాతా అన్నది తేలలేదు. అందుకే ఇది పొగడ్తా, ఎత్తిపొడుపా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ రెండు జట్లు.